పన్నెండు డబ్బాలు, ఒకటే హాలు: దేవరకొండ రీడింగ్ రూమ్‌లో ఇయర్‌బడ్స్ పెయిరింగ్ డైరీ

పని, సామాను

దేవరకొండలో గ్రూప్స్‌కు, డీఎస్సీకి, పోలీసు ఉద్యోగాలకు చదివేవాళ్లు కూర్చునే రీడింగ్ రూమ్ ఇది. పొడుగాటి ఒకే హాలు, పైన రేకులు. ఒకరు పుస్తకం ముందేసుకుంటే పక్కవాళ్లు ఫోన్లో క్లాసు వింటారు, ఆ మూలన టీవీలో టీశాట్ నిపుణ చానల్ పాఠం నడుస్తుంటుంది. ఎవరి పాఠం వాళ్ల చెవిలోనే ఉండాలి, పక్కవాళ్లకు వినబడొద్దు. ఇన్నాళ్లూ వైరు హెడ్‌ఫోన్లే వాడారు. అవి పిన్ను మెడ దగ్గర తెగిపోతున్నాయి, పైగా కొత్త ఫోన్లు చాలావాటికి ఆ గుండ్రటి రంధ్రమే లేదు.

తెచ్చిన సామాను: ఒకే మోడల్ ఇయర్‌బడ్స్ 12 జతలు (ఒక్కో జతకు ఒక చార్జింగ్ డబ్బా), డెస్క్‌టాప్‌లకు యూఎస్‌బీ బ్లూటూత్ డాంగిల్స్ 5 (ఒకటి స్పేర్), ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైర్లు 4, టీవీకి బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ 1, ఆరు పోర్టుల చార్జర్లు 2, చార్జింగ్ వైర్లు 12, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 100 మిల్లీలీటర్లు, దూది పుల్లలు, ఎర్ర నెయిల్ పాలిష్ ఒక సీసా, 200 పేజీల నోటుబుక్కు.

అన్నీ ఒకే మోడల్ కొనడం వల్ల చెవి రబ్బర్లు, చార్జింగ్ వైర్లు దేనికైనా సరిపోతాయి. కానీ పెయిరింగ్‌కు, అంటే బడ్లను ఫోన్‌తో జత కలపడానికి, అదే పెద్ద చిక్కు. 12 డబ్బాలు మూత తెరిస్తే ఫోన్ తెర మీద 12 సార్లు ఒకటే పేరు వస్తుంది.

రోజు 1: గుర్తులు, చార్జింగ్

పెయిరింగ్ జోలికి పోకముందే నంబర్లు వేయాలి. డబ్బాకొక నంబరు, ఎడమ బడ్డుకు అదే నంబరు, కుడి బడ్డుకు అదే నంబరు. మొత్తం 36 గుర్తులు. మార్కర్ పెన్నుతో రాస్తే చెమటకు వారం తిరగకముందే పోతుంది. నెయిల్ పాలిష్ నిలుస్తుంది. గుండుసూది మొనతో బడ్డు కాడ వెనక వైపు చిన్న చుక్కలు పెట్టాం: అడ్డంగా సాగదీసిన చుక్క అంటే అయిదు, నిలువుగా సాగదీసినది ఒకటి. మైకు రంధ్రం మీద, గాలి జాలీ మీద, చార్జింగ్ పిన్ను తగిలే రాగిరంగు బిళ్ల మీద పాలిష్ పడకూడదు. మైకు మూసుకుపోతే అవతలివాళ్లకు మాట వినబడదు, బిళ్ల మీద పడితే ఆ బడ్డు చార్జింగే ఎక్కదు.

ఈ 36 గుర్తులు అనవసరమైన శ్రమ అనిపించవచ్చు. కానీ 3వ డబ్బా ఎడమ బడ్డును 7వ డబ్బాలో పెడితే చూడ్డానికి సరిగ్గా కూర్చుంటుంది, చార్జింగ్ కూడా అవుతుంది, ఒక చెవి మాత్రం మోగదు. ఎడమ కుడి బడ్లు ఫోన్‌తో కలవకముందే తమలో తాము జతపడి ఉంటాయి. జత మారితే ఒకదాన్నొకటి గుర్తుపట్టవు. ఈ మోడల్‌లో అప్పుడు ఫోన్‌లో రెండు పేర్లు కనబడతాయి, చివర ఒకదానికి ఎడమ, ఇంకోదానికి కుడి అక్షరం.

చార్జింగ్ దగ్గర మొదటి దెబ్బ. రెండు కొసలూ సీ-టైప్ ఉన్న వైరుతో ఫోన్ అడాప్టర్‌కు పెడితే డబ్బా దీపం వెలగలేదు. అదే డబ్బా పాత వెడల్పు పోర్టు నుంచి సీ-టైప్‌కు వచ్చే వైరుతో వెంటనే వెలిగింది. సీ-టైప్ చార్జరు అవతల పరికరం ఉందని తెలిస్తేనే కరెంటు వదులుతుంది. ఆ సంగతి చెప్పడానికి పరికరం లోపల 5.1 కిలోఓమ్‌ల చిన్న రెసిస్టర్లు ఉండాలి. కొన్ని చవక డబ్బాల్లో అవి వేయరు. అందుకని 12 వైర్లూ వెడల్పు పోర్టు రకమే తీసుకున్నాం. చార్జరు 5 వోల్టులు ఇస్తే చాలు, ఫాస్ట్ చార్జింగ్‌తో పని లేదు.

చార్జింగ్ బల్ల మొదట పడమటి కిటికీ కింద ఉండేది. అక్కణ్నుంచి తీసేశాం. నల్లగొండ జిల్లాలో మే ఎండలు 44, 45 డిగ్రీలు తాకుతాయి, రేకుల కింద ఇంకా ఎక్కువ. లిథియం బ్యాటరీని 45 డిగ్రీల పైన చార్జింగ్ చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది. ఇక ఎండాకాలం చార్జింగ్ అంతా సాయంత్రం ఏడు దాటాకే.

రోజు 2: ఫోన్లు

పెయిరింగ్, కనెక్షన్ అనేవి రెండు వేరు పనులు. కిరాణా దుకాణంలో ఖాతా పెట్టినట్టు అనుకోండి. దుకాణందారు దగ్గర ఒక చిట్టా, ఇంటివాళ్ల దగ్గర ఒక చిట్టా, రెండింట్లో లెక్క ఒకటే ఉండాలి. పెయిరింగ్ అంటే ఖాతా తెరవడం: ఫోన్, బడ్లు కలిసి 128 బిట్ల రహస్య తాళం ఒకటి తయారు చేసుకుని ఎవరి దగ్గర వాళ్లు రాసుకుంటాయి. కనెక్షన్ అంటే ఆ ఖాతా మీద రోజూ సరుకు తెచ్చుకోవడం. ఒకవైపు చిట్టా చింపేసి ఇంకోవైపు ఉంచితే బేరం కుదరదు. ఈ హాలులో వచ్చిన ఇబ్బందుల్లో సగానికి పైగా ఇదే.

ఫోన్‌తో వరుస ఇది. మిగతా 11 డబ్బాల మూతలు వేసి ఉండాలి. పెయిర్ చేయాల్సిన డబ్బా ఒక్కటే తెరిచి, రెండు బడ్లూ లోపలే ఉంచి, డబ్బా బటన్ 3 సెకన్లు నొక్కితే దీపం వెంటవెంటనే మిణుకుతుంది. అదే పెయిరింగ్ స్థితి. ఫోన్‌లో సెట్టింగ్స్, కనెక్టెడ్ డివైజెస్, పెయిర్ న్యూ డివైస్. కొన్ని ఫోన్లలో ఇది కనెక్షన్స్ కింద బ్లూటూత్ పేరుతో ఉంటుంది. పేరు రాగానే తాకి, అడిగితే పెయిర్ అనాలి. కాంటాక్టులు చూడనివ్వమని వచ్చే టిక్కు అక్కర్లేదు. వెంటనే ఆ పేరు పక్కనున్న పళ్లచక్రం తాకి పేరు మార్చాలి: "డబ్బా 4". ఈ పేరు ఆ ఫోన్‌లోనే మారుతుంది, బడ్లలో కాదు. ఇంకో ఫోన్‌లో మళ్లీ పాత పేరే వస్తుంది.

బటన్ నొక్కే సెకన్లు, దీపం రంగు ప్రతి మోడల్‌కూ వేరు. డబ్బాతో వచ్చిన కాగితాన్ని నోటుబుక్కు అట్టకు అంటించాం.

ఆ రోజు పెయిర్ చేసిన ఫోన్లలో నాలుగు మొండికేశాయి. రెండింట్లో పేరు కనబడుతోంది, తాకితే పిన్ తప్పని వస్తోంది. ఎవరూ పిన్ అడగలేదు, ఎవరూ కొట్టలేదు. ఆ డబ్బాలను పొద్దున పని చేస్తున్నాయో లేదో చూడ్డానికి అదే ఫోన్లతో కలిపి, తర్వాత డబ్బా రీసెట్ చేశాం. డబ్బా చిట్టా పోయింది, ఫోన్ చిట్టా మిగిలింది. ఫోన్‌లో ఫర్‌గెట్ కొట్టి మళ్లీ మొదలుపెడితే కలిశాయి. మూడో ఫోన్‌లో దీనికి తలకిందులు: ఫోన్‌లో ఫర్‌గెట్ కొట్టారు, డబ్బాలో చిట్టా ఉంది. మూత తెరవగానే బడ్లు పాత ఫోన్‌నే వెతుక్కుంటున్నాయి, కొత్తవాళ్లకు కనబడే స్థితికి రావడమే లేదు. బటన్ నొక్కి బలవంతంగా పెయిరింగ్‌లోకి తెస్తే వచ్చింది.

నాలుగోదాంట్లో కలిసింది కానీ శబ్దం గుసగుసలాగ వస్తోంది. ఫోన్ వాల్యూమ్, బడ్ల వాల్యూమ్ ఒకటే గీత మీద నడిపే ఏర్పాటు కొన్ని జతల్లో సరిగా కుదరదు. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ ఏడుసార్లు తాకితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటుంది. అందులో డిజేబుల్ అబ్సల్యూట్ వాల్యూమ్ ఆన్ చేసి, బ్లూటూత్ ఒకసారి ఆపి పెడితే రెండు గీతలూ విడిపోయాయి. ఆ లోపల మిగతావి ముట్టుకోవద్దు.

ఐఫోన్ ఒకటే ఉంది, గొడవ లేకుండా కలిసింది. దాంట్లో చిట్టా చింపాలంటే పేరు పక్కన గుండ్రటి ఐ గుర్తు తాకి ఫర్‌గెట్ దిస్ డివైస్. కీప్యాడ్ ఫోన్ ఒకటి పాత పద్ధతిలో పిన్ అడిగింది, 0000 కొడితే ఒప్పుకుంది. 2007లో వచ్చిన బ్లూటూత్ 2.1 నుంచి ఈ పిన్ అవసరం తప్పింది.

రోజు 3: నిన్నటి ఫోన్ లాక్కుంటోంది

పొద్దున్నే పంపకం మొదలైన పది నిమిషాలకే ఫిర్యాదు: "అన్నా, నా క్లాసు నాకు వినొస్తలేదు, ఎవరిదో పాట వినొస్తుంది." నిన్న 6వ డబ్బా వాడినాయన రెండు వరసల వెనక కూర్చున్నాడు, ఫోన్‌లో బ్లూటూత్ ఆన్‌లోనే ఉంది. మూత తెరవగానే డబ్బా చివరిసారి కలిసిన ఫోన్ దగ్గరికే పోతుంది. గోడ అడ్డు లేని హాలులో పది మీటర్ల దూరం దానికి లెక్క కాదు.

మొదట రాసుకున్న పద్ధతి, పొద్దున ఇచ్చి రాత్రి తీసుకుని తెల్లారి ఎవరికి దొరికింది వాళ్లకివ్వడం, అక్కడే రద్దయింది. ఇప్పుడు ఒక నెలంతా ఒక డబ్బా ఒకరికే. నోటుబుక్కులో డబ్బా నంబరు, ఫోన్ మోడల్, తారీఖు. నెలాఖరుకు చేతులు మారేటప్పుడు ముందు ఫోన్‌లో ఫర్‌గెట్, ఆ తర్వాత డబ్బా రీసెట్. ఈ మోడల్‌కు రీసెట్ అంటే రెండు బడ్లూ డబ్బాలో పెట్టి, మూత తెరిచే ఉంచి, బటన్ 10 సెకన్లు. రెండూ అయ్యాకే నోటుబుక్కులో అడ్డగీత.

ఒకరికే ఇవ్వడంలో శుభ్రత లాభం కూడా ఉంది. చెవి రబ్బర్లు ఎవరివి వాళ్లకే, చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో సరిపోయేది ఒకసారి చూసుకుని. రబ్బరు వదులైతే బేస్ పోతుంది, వినేవాళ్లు వాల్యూమ్ పెంచుకుంటూ పోతారు.

రోజు 4, 5: డెస్క్‌టాప్‌లు

ఎక్కువ సమయం తిన్నది ఇదే. నాలుగు డెస్క్‌టాప్‌లు, విండోస్ 10, బ్లూటూత్ లేదు. డాంగిల్ పెట్టగానే డ్రైవర్ దానంతట అదే ఎక్కింది. సెట్టింగ్స్, డివైజెస్, యాడ్ బ్లూటూత్, మొదటి వరస, పేరు, అయిపోయింది. విండోస్ 11లో ఇదే బ్లూటూత్ అండ్ డివైజెస్ కింద యాడ్ డివైస్.

కలిసింది కానీ మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. డాంగిళ్లు సీపీయూ వెనక నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టుల్లో ఉన్నాయి, పక్క పోర్టులో పోర్టబుల్ హార్డ్‌డిస్క్. యూఎస్‌బీ 3 పని చేసేటప్పుడు వెలువడే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరా పడుతుంది, బ్లూటూత్ మాట్లాడేదీ అక్కడే. ఇంటెల్ 2012లోనే దీని మీద కొలతలతో పత్రం వేసింది. పైగా డాంగిల్‌కు, మనిషి చెవికి మధ్య సీపీయూ రేకు డబ్బా అడ్డం. ఎక్స్‌టెన్షన్ వైరుతో డాంగిల్‌ను నల్ల యూఎస్‌బీ 2 పోర్టు నుంచి బల్ల మీదికి తెచ్చి, మానిటర్ అంచుకు టేపు వేశాం. నాలుగు సిస్టమ్‌లలోనూ ముక్కలవడం ఆగిపోయింది. ఈ వైరు లేకుండా డాంగిల్ పెట్టకండి.

మూడో సిస్టమ్‌లో డాంగిల్ పెట్టినా బ్లూటూత్ రాలేదు. చూస్తే మదర్‌బోర్డుకే బ్లూటూత్ ఉంది, యాంటెన్నా మాత్రం లేదు. విండోస్ ఒకేసారి ఒక బ్లూటూత్ పరికరాన్నే నడుపుతుంది. డివైస్ మేనేజర్‌లో పాతదాన్ని డిజేబుల్ చేసి సిస్టమ్ రీస్టార్ట్ చేస్తే డాంగిల్ పని అందుకుంది.

తర్వాతి చిక్కు మాక్ (నమూనా) ఇంటర్వ్యూల్లో. యూట్యూబ్ పాఠం బాగా వినబడుతుంది, జూమ్‌లో చేరగానే గొంతు పాత ల్యాండ్‌లైన్‌లా బొంగురవుతుంది. బ్లూటూత్‌లో రెండు దారులున్నాయి. పాట దారి ఒకవైపే నడుస్తుంది, స్టీరియో, మంచి నాణ్యత. మాట దారి రెండువైపులా నడుస్తుంది కానీ ఇరుకు: మోనో, 8 లేదా 16 కిలోహెర్ట్జ్ నమూనా. ఏదైనా యాప్ బడ్ల మైకు తెరిచిందంటే విండోస్ మొత్తాన్నీ మాట దారికి మళ్లిస్తుంది. అందుకే విండోస్ 10లో ఒకే జతకు స్టీరియో అని ఒకటి, హ్యాండ్స్‌ఫ్రీ అని ఒకటి, రెండు పేర్లు కనబడతాయి.

దీనికి సీదా ఉపాయం: బడ్ల మైకే వాడకపోవడం. ఒక్కో డెస్క్‌టాప్‌కు వైరున్న చిన్న కాలర్ మైకు పెట్టి, జూమ్‌లో మైకుగా దాన్ని, స్పీకర్‌గా స్టీరియో పేరును ఎంచుకున్నాం. మళ్లీ ఎవరూ పొరపాటున మార్చకుండా కంట్రోల్ ప్యానెల్, డివైజెస్ అండ్ ప్రింటర్స్, బడ్ల మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, సర్వీసెస్‌లోకి పోయి హ్యాండ్స్‌ఫ్రీ టెలిఫోనీ టిక్కు తీసేశాం. టిక్కు తీశాక ఆ సిస్టమ్‌లో బడ్ల మైకు పని చేయదు, ఆ సంగతి మానిటర్ మీద చీటీ రాసి అంటించాలి.

ఒక ల్యాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ రెండూ ఉన్నాయి. విండోస్‌లో పెయిర్ చేస్తే ఉబుంటులో చెడుతుంది, ఉబుంటులో చేస్తే విండోస్‌లో చెడుతుంది. మళ్లీ చిట్టా గొడవే. బడ్లకు ల్యాప్‌టాప్ బ్లూటూత్ చిరునామా ఒకటే కనబడుతుంది, ఒక చిరునామాకు ఒకటే తాళం దాచుకుంటాయి. కొత్త తాళం రాయగానే పాతది చెరిగిపోతుంది. విండోస్ తాళాన్ని తీసి ఉబుంటు ఫైల్లో రాసే పద్ధతి ఉంది, కానీ ప్రతి కొత్త పెయిరింగ్‌కూ మళ్లీ చేయాలి. స్పేర్ డాంగిల్‌ను ఉబుంటుకు కేటాయించి, ల్యాప్‌టాప్ సొంత బ్లూటూత్‌ను ఉబుంటులో ఆపేశాం. డాంగిల్ చిరునామా వేరు కాబట్టి బడ్లకు అవి రెండు వేరే పరికరాలు. రెండు ఖాతాలూ నిలిచాయి.

రోజు 6: టీవీ

టీవీ పాతది, బ్లూటూత్ లేదు. బజారులో బ్లూటూత్ బిళ్ల అని అడిగితే ముందు చేతిలో పెట్టేది కారు స్టీరియోకు పెట్టేది. అది రిసీవర్, శబ్దం తీసుకోవడమే దాని పని. బడ్లు కూడా తీసుకునేవే. తీసుకునేవి రెండూ ఎదురెదురుగా పెడితే ఎంతసేపైనా కలవవు. కావలసింది పంపేది, పెట్టె మీద ట్రాన్స్‌మిటర్ అని ఉండాలి. రెండు పనులూ చేసే రకమైతే పక్కన టీఎక్స్, ఆర్ఎక్స్ అని స్విచ్చు ఉంటుంది, టీఎక్స్ వైపు ఉంచాలి.

టీవీ వెనక ఆప్టికల్ రంధ్రం నుంచి తీశాం. వైరు మొనకున్న ప్లాస్టిక్ టోపీ తీయకుండా దోస్తే వెలుతురు పోదు, శబ్దమూ రాదు. టోపీ తీశాక కూడా మౌనమే అయితే టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ అవుట్‌పుట్‌ను పీసీఎంకు మార్చాలి. ఇక్కడ డాల్బీలో ఉండింది, ఈ ట్రాన్స్‌మిటర్‌కు ఆ భాష రాదు.

ట్రాన్స్‌మిటర్‌కు తెర లేదు, పేర్ల జాబితా లేదు. దగ్గర్లో పెయిరింగ్ స్థితిలో ఏది దొరికితే దాన్ని పట్టుకుంటుంది. కాబట్టి ట్రాన్స్‌మిటర్‌కు అడుగు దూరంలో 11వ డబ్బా ఒక్కటే తెరిచి కలిపాం, తర్వాత 12వది. ఈ రకం ఒకేసారి రెండు జతలకే పంపగలదు. 12 మందికీ ఒకే టీవీ నుంచి పంపాలంటే ఆరాకాస్ట్ అనే ప్రసార పద్ధతి కావాలి, దానికి పంపేదీ వినేదీ రెండూ ఎల్ఈ ఆడియో అనే కొత్త రకం బ్లూటూత్ ఆడియో ఉన్నవై ఉండాలి. ఈ 12లో అది లేదు. టీవీ పాఠం వినాలనుకునే మిగతావాళ్లు టీశాట్ యాప్‌లో అదే పాఠం ఫోన్లో పెట్టుకుంటారు.

బొమ్మలో పెదవులు ముందు కదిలి మాట వెనక వస్తోంది. యూట్యూబ్ లాంటి యాప్‌లు ఫోన్‌లో బొమ్మను ఆ మేరకు ఆపి సరిచేస్తాయి, ఈ టీవీకి ఆ సంగతి తెలియదు. బోర్డు మీద రాసే లెక్కల పాఠానికి ఇబ్బంది లేదు. ఇంగ్లిష్ ఉచ్చారణ పాఠాలు మాత్రం ఫోన్‌లోనే వినమని చెప్పాం.

రోజు 9: అందరూ వచ్చిన రోజు

ఆదివారం, హాలు నిండింది. 12 జతలూ ఒకేసారి నడిచాయి. మధ్యాహ్నం నుంచి నలుగురికి మాట తెగుతోంది. బ్లూటూత్ 1 మెగాహెర్ట్జ్ వెడల్పున్న 79 గదుల (చానళ్ల) మధ్య సెకనుకు 1600 సార్లు దూకుతుంది, రొద ఉన్న గదులను వదిలేస్తుంది. వైఫై రూటర్ 2.4లో 40 మెగాహెర్ట్జ్ వెడల్పు పరుచుకుని కూర్చుంది, అంటే సగం గదులు దానివే. రూటర్‌లో వెడల్పు 20కి తగ్గించి, ఫోన్లను 5 గిగాహెర్ట్జ్ వైఫై పేరుకు మార్పించి, డెస్క్‌టాప్‌లకు లాన్ వైరు వేశాం. ముగ్గురికి బాగైంది.

నాలుగో మనిషి ఫోన్ ప్యాంటు వెనక జేబులో ఉంది. ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే, 2.4 గిగాహెర్ట్జ్ తరంగాన్ని నీళ్లు తాగేస్తాయి. ఫోన్ బల్ల మీద పెట్టగానే సరిపోయింది.

రోజు 14: ఒక చెవి

మూడు డబ్బాల్లో ఒక చెవి మోగడం లేదు, కారణాలు మూడు. 2వ డబ్బాలో కుడి బడ్డు 5వదానిది, చుక్కలు చూడగానే దొరికింది. ఎవరి బడ్డు వాళ్ల డబ్బాలో పెట్టి రెండు నిమిషాలు ఆగి తీస్తే మోగాయి. 8వ దాంట్లో కుడి బడ్డుకు చార్జింగే లేదు. డబ్బా అడుగున స్ప్రింగు పిన్నుల చుట్టూ చెమట, దుమ్ము కలిసి పచ్చగా పేరుకుంది. దూది పుల్లకు ఆల్కహాల్ తడి చేసి, పిండేసి, పిన్ను మీద గుండ్రంగా నాలుగుసార్లు తిప్పి, అయిదు నిమిషాలు మూత తెరిచి ఆరనిచ్చాం. పిన్ను వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్లీ పైకి రావాలి. వచ్చింది, దీపం వెలిగింది.

9వ దాంట్లో ఎడమ కుడి విడిపోయాయి, ఫోన్‌లో రెండు పేర్లు. రెండింటినీ తాకి రెండింటితో పెయిర్ చేశారు. ఇది చేయకూడదు, ఫోన్ కలవాల్సింది జతతో. ఫోన్‌లో రెండు పేర్లకూ ఫర్‌గెట్, చుట్టుపక్కల ఫోన్ల బ్లూటూత్ ఆఫ్, డబ్బా రీసెట్, రెండు బడ్లూ ఒకేసారి బయటకు. ఒకదాని దీపం ఆగి రెండోది మాత్రమే మిణికేదాకా ఏ ఫోన్‌నూ ముట్టుకోకూడదు. ఆగిందంటే అవి తమలో తాము కలిసినట్టు. ఇక్కడ మూడుసార్లు చేసినా రెండు దీపాలూ మిణుకుతూనే ఉన్నాయి.

9వ డబ్బాను బిల్లుతో సహా కొన్న దుకాణానికి పంపాం, వారంటీ ఏడాది. కొత్తది వచ్చేదాకా ఆ నంబరు మనిషికి వైరు హెడ్‌ఫోన్. కొత్తది రాగానే మొదటి పని 9కి గుర్తు: అడ్డంగా ఒక చుక్క, నిలువుగా నాలుగు.